గిటారు కీలు మార్చిన వైనం
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల మీద మాట్లాడతాననుకుని వచ్చిన వారు నన్ను క్షమించాలి. "ఈసారి ఎవరికి తెలిసిన విషయం వారు చెప్పండి" అని కార్యదర్శి గారు అన్నారు. ముప్పై ఏళ్ళు ఫైళ్ళు కట్టిన గుమస్తాకు తెలిసేదేముంటుంది? ఈ మధ్య మూడు నెలలు తలమునకలైన పని ఒకటుంది. ఎలక్ట్రిక్ గిటారుకు ట్యూనింగ్ కీలు మార్చటం. నవ్వకండి, వినండి.

మా ఆఫీసులో 1970లలో ఒక చిన్న ఆర్కెస్ట్రా ఉండేదని పాతవారికి గుర్తుండే ఉంటుంది. నేను హార్మోనియం. గిటారు వాయించేది డెస్పాచ్ సెక్షన్ మిత్రుడు. 1974లో మద్రాసు వెళ్ళి సెకండ్ హాండ్‌లో తెచ్చుకున్నాడు. ప్రతి కార్యక్రమానికీ ముందు నేను స్వరం పట్టి ఉంచితే, వాడు చెవి వాల్చి తీగ బిగించుకునేవాడు. వాడు పోయి ఆరేళ్ళయింది. గిటారు వదినగారి అటక మీద ఉంది. నిరుడు విదేశం నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసి, "బాబాయ్, నాన్న గిటారు బాగుచేయించి ఉంచగలరా? నేనొచ్చి తీసుకెళ్తాను" అంది. సరేనన్నాను. అక్కడే వచ్చింది చిక్కు.

తీగలు కొత్తవి వేసి శృతి చేస్తే పావుగంటకే దిగిపోతున్నాయి. దోషం కీలదేనని ఎవరైనా అనుకుంటారు. తొందరపడకూడదు. మొదట తీగ కీలకు చుట్టిన తీరు చూడాలి. రెండు మూడు చుట్లు ఒకదాని కింద ఒకటి పద్ధతిగా పడాలి. తరువాత మెడ పైభాగాన తీగలు ఆనుకునే నట్టు గాడి. కీ తిప్పుతున్నప్పుడు 'టింగ్'మని చప్పుడొస్తే తీగ ఆ గాడిలో పట్టేస్తోందన్న మాట. దానికి పెన్సిల్ ముల్లు గాడిలో రాస్తే చాలు, పైసా ఖర్చు లేదు. ఈ రెండూ అయ్యాకే కీ దగ్గరకు రావాలి. కీ బొత్తాం కాస్త తిప్పినా స్వరం కదలకుండా ఉండి, ఆ తరువాత ఒక్కసారి కదిలితే పళ్ళు అరిగినట్టు. మా గిటారుకు ఈ మూడు జబ్బులూ ఉన్నాయి. పైగా మూడో కీ ప్లాస్టిక్ బొత్తాం నా వేళ్ళ మధ్యే బెల్లం ముక్కలా పొడి అయిపోయింది. చీకట్లో గుర్తుపట్టటానికి మావాడు మేకుతో గీత గీసుకున్న బొత్తాం అది. బొత్తాలు విడిగా దొరుకుతాయి, కానీ పళ్ళే పోయాక బొత్తాం ఎందుకు?

వీణ బిరడా బిగువు మీద నిలుస్తుంది. గిటారు కీ అలా కాదు. మరలాంటి కడ్డీ ఒక పళ్ళ చక్రాన్ని తిప్పుతుంది. కడ్డీ చక్రాన్ని తిప్పగలదు గాని, చక్రం కడ్డీని తిప్పలేదు. ఆరు తీగలూ కలిసి దాదాపు 40 కిలోల బరువుతో లాగుతున్నా కీ వెనక్కి తిరగకపోవటానికి కారణం అదే. కీల పెట్టె మీద 14:1, 18:1 అని రాసి ఉంటుంది. బొత్తాం 14 సార్లు తిప్పితే తీగ చుట్టుకునే స్తంభం ఒక్కసారి తిరుగుతుందని అర్థం. స్తంభం మందం 6 మిల్లీమీటర్లనుకుంటే చుట్టుకొలత సుమారు 19. కనుక 14:1లో బొత్తాం ఒక చుట్టుకు దాదాపు 1.35 మి.మీ. తీగ లాగుతుంది, 18:1లో మిల్లీమీటరు పైచిలుకే. మనలాంటి వణుకు చేతులకు రెండోది నయం. కాకపోతే తీగ మార్చేటప్పుడు తిప్పి తిప్పి మణికట్టు నొప్పి పుడుతుంది.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. సర్వీసులో ఏది కొన్నా ముందు కొలతలు, తరువాత ఇండెంట్, ఆ తరువాత మూడు కొటేషన్లు. సొంత పనికొచ్చేసరికి అదంతా మరిచాను. మా మనవడి ఫోన్‌లో తళతళలాడే సెట్టు చూసి తెప్పించాను. వచ్చినవి ఎడమకు మూడు, కుడికి మూడు! మా గిటారుకేమో ఆరూ ఒకే వైపు. తిప్పి పంపించాం. రెండోసారి ఆరూ ఒకే వైపువే తెప్పించాను. కానీ అవి 10 మి.మీ. రంధ్రానికి తయారైనవి. మాది పాత పద్ధతి, ఒకే రేకు మీద ఆరు కీలు, రంధ్రాలు 9 మి.మీ. లోపే. "ఎంతసేపండీ" అని వడ్రంగి కరెంటు డ్రిల్లు పెట్టాడు. ఆరో తీగ రంధ్రం దగ్గర ముందువైపు పాలిష్ పెచ్చు లేచింది, వెంట్రుకంత పగులూ వచ్చింది. ఆపమన్నాను. అతన్ని అనటానికేముంది? కింద చెక్క ఆనించి, చేత్తో తిప్పే రీమరుతో కొంచెం కొంచెంగా పెద్దది చేయాల్సిన పని అని తరువాత తెలిసింది. ముందే తెలుసుకోవాల్సింది నేను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అర్ధ శతాబ్దం మావాడు గీత పడకుండా చూసుకున్న చెక్క!

అప్పుడు మనవడు వెర్నియర్ కాలిపర్స్ తెచ్చాడు. రంధ్రం వ్యాసం, రెండు రంధ్రాల నడిమి దూరం, చెక్క మందం, అన్నీ కాగితం మీద పెట్టుకున్నాం. దాన్నిబట్టి పాత ఫెండర్ గిటార్లకుండే క్లూసన్ రకం కీలు ఎంచుకున్నాం. వాటికి 8.8 మి.మీ. రంధ్రం చాలు. మిగిలిన ఐదు రంధ్రాలకు డ్రిల్లు తగలనే లేదు, వెనక చిన్న మరమేకుల గుంతలు తప్ప. పాడైన రంధ్రానికి అడాప్టర్ బుష్ అని దొరుకుతుంది. బయట 10, లోపల సన్న స్తంభానికి సరిపడా. అది కూర్చున్నాక పెచ్చు చాలావరకు దాని అంచు కింద దాక్కుంది. ఈ కీల స్తంభం పైన చీలి ఉంటుంది. తీగ కొస కత్తిరించి నడిమి బొరియలో దించి చుట్టాలి. వేలికి గుచ్చుకునే ముల్లు బయటికి రాదు.

తీగను మరతో బిగించి పట్టే లాకింగ్ కీలు కొనమని మనవడు పోరాడు. కమ్మీ ఊపి స్వరం వణికించే గిటారుకు అవి పనికొస్తాయి. దీనికి ఆ కమ్మీయే లేదు. పైగా తల బరువెక్కి గిటారు ముందుకు వాలుతుంది. వద్దన్నాను.

మొన్న ఆదివారం హార్మోనియం తీసి స్వరం పట్టాను. మనవడు తీగ బిగించాడు. స్వరం మించితే బాగా కిందికి దించి, మళ్ళీ పైకి తెచ్చి ఆపాలి. అప్పుడే పళ్ళ సందులోని వదులు పోతుంది. మరునాడు ఉదయం చూస్తే ఆరు తీగలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి నిలబడింది. ఏమీ అనలేదు.

వచ్చే నెల అమ్మాయి వస్తోంది. "బుష్ కింద కనబడదు, చెప్పకండి" అని ఇంట్లో సలహా. పాత కాగితం చింపకూడదని సర్వీసులో నేర్చుకున్నాం కదా. పాత రేకు, మిగిలిన ఐదు బొత్తాలు, ఆరోదాని పొడి కూడా డబ్బాలో పెట్టాను. గిటారు తల ముందువైపు తిప్పి, ఆ పగులు మీద వేలు పెట్టి చూపించి మరీ ఇస్తాను.

సెలవు.