ఆత్మరక్షణ మన హక్కు, మన మీద మోపే బాధ్యత కాదు

(పాతబస్తీలో మహిళా కార్యకర్తల కోసం జరిగిన ఆత్మరక్షణ శిక్షణ తరగతుల ముగింపు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆడపిల్లలకు కరాటే నేర్పుదామని ఏ సంస్థ ముందుకొచ్చినా రెండు మాటలు వినపడతాయి. మొదటిది మనకు బాగా పాతది. ఆడపిల్లకు ఈ తన్నులాటలెందుకు, రేపు పెళ్ళి ఎలా అవుతుంది అనేది. రెండోది కొత్తది, వినడానికి చాలా బాగుంటుంది. ప్రతి ఆడపిల్లా కరాటే నేర్చుకుంటే అత్యాచారాలు వాటంతటవే ఆగిపోతాయి అనేది. మొదటి మాటకు జవాబు చెప్పడం మనకు అలవాటే. రెండో మాట మన మేలు కోరినట్టే ఉంటుంది కాబట్టి దాన్ని విప్పి చూడడం కష్టం. నేర్చుకోవాలా వద్దా అని అడిగితే తప్పకుండా నేర్చుకోవాలనే అంటాను. అయితే ఎందుకు నేర్చుకుంటున్నాం, దాంతో ఏమవుతుంది, ఏం కాదు అనేది స్పష్టంగా తెలుసుకునే నేర్చుకోవాలి.

తాలీమ్ ఎవరిది?

శరీరానికి శిక్షణ ఇవ్వడం పాతబస్తీకి కొత్త కాదు. ఇక్కడి తాలీమ్‌ఖానాలు, బార్కస్ కుస్తీ, పహిల్వాన్ల కథలు అందరికీ తెలుసు. పహిల్వాన్ అనే మాటలో ఇక్కడ గౌరవమూ ఉంది, భయమూ ఉంది. ఆ తాలీమ్‌ఖానాల మట్టి మీద ఆడవాళ్ళ అడుగు పడలేదు. మగవాడి బలం ఇంటికి, మొహల్లాకు, చివరికి మతానికి కాపలా అయింది. ఆడది కాపలా కాయవలసిన పరువు అయింది. కాపలాదారుడే చెయ్యి చేసుకుంటే ఏం చెయ్యాలన్న ప్రశ్నకు ఈ ఏర్పాటులో చోటే లేదు.

మన ఆడవాళ్ళకు బలం లేదంటే నేను ఒప్పుకోను. లాడ్‌బజార్ గాజుల కోసం నిప్పు పక్కన కూర్చుని లక్క సాగదీసే చేతులవి. కార్చోబ్ చట్రం మీద గంటల కొద్దీ వంగి పనిచేసే నడుములవి. నీళ్ళ బిందెలు ఎత్తే భుజాలవి. ఇదంతా ఇంటి కోసం ఖర్చయ్యే బలం. దాన్ని తన కోసం వాడుకోవచ్చని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

తెలంగాణ సాయుధ పోరాటంలో స్త్రీలు రోకళ్ళు, కారంపొడి పట్టుకుని రజాకార్లను, పోలీసులను ఎదుర్కొన్నారు. మల్లు స్వరాజ్యం తుపాకి పట్టి దళానికి నాయకత్వం వహించారు. అయితే 1951లో పోరాట విరమణ తర్వాత చాలామంది స్త్రీలను మళ్ళీ ఇళ్ళకే పంపించేశారు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ లేకపోతే ఆ అనుభవాలు చాలావరకు మనదాకా వచ్చేవి కావు. ఆయుధం పట్టడం వచ్చినంత మాత్రాన ఇంట్లో, సంఘంలో మాట చెల్లదని అది మనకు నేర్పిన పాఠం.

ఇవాళ నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లోను, 2023లోను బాక్సింగ్‌లో ప్రపంచ విజేత అయింది. మన నగరానికే చెందిన సయ్యదా ఫలక్ అంతర్జాతీయ కరాటే పోటీల్లో పతకాలు తెచ్చింది. వాళ్ళను చూసి మన పిల్లల కళ్ళు మెరుస్తాయి, మెరవాలి కూడా. కానీ పోటీకి ఒక రిఫరీ ఉంటాడు, నియమాలుంటాయి, ఒకే బరువున్న ఇద్దరు ముందే ఒప్పుకుని తలపడతారు. గల్లీలో, మెట్ల కింద, వంటింట్లో ఇవేవీ ఉండవు. క్రీడ వేరు, ఆత్మరక్షణ వేరు. క్రీడలో గెలవాలి. ఆత్మరక్షణలో బయటపడితే చాలు.

విద్య చెప్పేది, చట్టం చెప్పేది

జపాన్‌లో జిగోరో కానో 1882లో జూడో బడి పెట్టాడు. ఎదుటివాడు తోసినప్పుడు ఎదురు తోయకుండా ఆ తోపునే వాడుకోవాలన్నది అందులో మూలసూత్రం. బరువు తక్కువున్న మనిషికి ఇది చాలా పనికొస్తుంది. వెనుక నుంచి ఎవడైనా చున్నీ పట్టి లాగితే ముందుకు గుంజుకునే కొద్దీ గొంతు బిగుస్తుంది. గడ్డం కిందికి దించి, లాగినవైపే తిరిగి ఒక అడుగు వేస్తే బిగువు సడలుతుంది. ఈ తరగతుల్లో మీరు చేసింది అదే.

1922లో కరాటేను టోక్యోలో ప్రదర్శించిన ఒకినావా గురువు గిచిన్ ఫునకోషీ, కరాటేలో తొలిదెబ్బ అనేది లేదని తన శిష్యులకు నియమం పెట్టాడు. ఇది విని ఆడపిల్లలు అయోమయంలో పడతారు. సర్దుకుపొమ్మని, ఎదురు తిరగొద్దని పుట్టినప్పటి నుంచి మనకు చెబుతూనే ఉన్నారు కదా, ఇక్కడా అదేనా అనిపిస్తుంది. కానీ మీ ఇష్టం లేకుండా మీ చెయ్యి పట్టుకున్నప్పుడే తొలిదెబ్బ పడిపోయింది. ఆ తర్వాత మీరు చేసేది జవాబు.

చట్టం కూడా దాదాపు ఇదే చెబుతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కుకు సంబంధించినవి. పాత శిక్షాస్మృతిలో ఇవి 96 నుంచి 106 వరకు ఉండేవి. ప్రమాదం వస్తుందన్న సహేతుకమైన భయం కలిగిన క్షణం నుంచే హక్కు మొదలవుతుంది. దెబ్బ తినేదాకా ఆగనక్కరలేదు. అత్యాచారం చేయాలన్న ఉద్దేశంతో దాడి చేసినా, ఎత్తుకుపోవాలని దాడి చేసినా, యాసిడ్ పోయబోయినా, ఆ దాడిని ఆపే క్రమంలో దాడి చేసినవాడు చనిపోయినా అది ఆత్మరక్షణ కిందికి రావచ్చని 38వ సెక్షన్ చెబుతుంది. దీనికి హద్దు కూడా ఉంది. అవసరమైనంత బలమే వాడాలి. పట్టు వదిలి పారిపోతున్నవాణ్ణి వెంటపడి కొడితే అది రక్షణ కాదు. చెయ్యి విడిపించుకున్నాక వెనక్కి తిరిగి చూడకుండా పరుగెత్తమని శిక్షకురాలు చెప్పేది, చట్టం చెప్పేది ఒకటే.

ఏం నేర్పాలి?

ఒకరోజు వచ్చి, పెంకులు పగలగొట్టి చూపించి, ఫొటోలు దిగి వెళ్ళిపోయే శిబిరాలు మనం చాలా చూశాం. వాటివల్ల చప్పట్లు వస్తాయి కానీ విద్య రాదు.

నేర్పవలసిన వాటిలో మొదటిది గొంతు. ‘వద్దు’ అని కడుపులోంచి గట్టిగా అరవడానికి మన పిల్లలకు మొదటి రోజు నోరే రాదు. నవ్వొస్తుంది, సిగ్గేస్తుంది. గట్టిగా మాట్లాడొద్దని ఇన్నేళ్ళు నేర్పిన దాన్ని వదిలించుకోవడానికి రెండు మూడు తరగతులు పడతాయి. రెండోది చెయ్యి విడిపించుకోవడం. ఎదుటివాడి పట్టులో బొటనవేలు ఉన్నవైపు బలహీనం. మణికట్టును అటు తిప్పి లాగాలి. మూడోది దగ్గర నుంచి కొట్టడం. మోచెయ్యి, మోకాలు, అరచేతి కింది గట్టి భాగం, తొక్కడానికి మడమ. ఇరుకు గల్లీలో పైకెత్తి తన్నే తన్నులకు చోటుండదు, బురఖాలోనో చీరలోనో కాలు అంత ఎత్తు లేవదు కూడా. అందుకే రోజూ వేసుకునే బట్టల్లోనే సాధన చెయ్యాలి.

నాలుగోది అన్నిటికన్నా కష్టమైనది, చాలా శిబిరాల్లో అసలు కనపడనిది. అది తెలిసినవాణ్ణి ఎదిరించడం. జాతీయ నేర గణాంకాల ప్రకారం మన దేశంలో నమోదయ్యే అత్యాచార కేసుల్లో ఏటా 90 శాతానికి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్ళే. మనం మాత్రం పొద లోంచి దూకే అపరిచితుడి కోసం పిల్లలను సిద్ధం చేస్తున్నాం. ఇంకా దారుణమేమిటంటే అటు మతంవాడు వస్తాడు జాగ్రత్త అని చెప్పి కర్రలు పట్టిస్తున్నవాళ్ళూ ఉన్నారు. భయాన్ని గోడ అవతలికి నెట్టేస్తే గోడ ఇవతలివాడు క్షేమంగా ఉంటాడు. ‘బాబాయ్, చెయ్యి తియ్యి’, ‘మామూ, నా పక్కన కూర్చోకండి’ అని మొహం మీద చెప్పడం ఇటుక పగలగొట్టడం కన్నా కష్టం. ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడి ఆ మాటలు మళ్ళీ మళ్ళీ అనిపించాలి.

ఇదంతా ఊహ కాదు. కెనడాలో మూడు విశ్వవిద్యాలయాల్లో 893 మంది యువతులతో జరిగిన అధ్యయనం 2015లో వెలువడింది. పన్నెండు గంటల శిక్షణలో తెలిసినవాళ్ళ నుంచి వచ్చే ప్రమాదాన్ని గుర్తించడం, మొహమాటాన్ని దాటడం, మాటతోనూ ఒంటితోనూ ఎదిరించడం నేర్పారు. ఏడాది తర్వాత చూస్తే శిక్షణ పొందనివాళ్ళలో అత్యాచారానికి గురైనవాళ్ళు 9.8 శాతం, పొందినవాళ్ళలో 5.2 శాతం. అంటే దాదాపు సగానికి తగ్గింది. శిక్షణ వృథా కాదని చెప్పడానికి ఇది గట్టి ఆధారం. అదే లెక్కను రెండోవైపు నుంచి కూడా చదవండి. శిక్షణ పొందినవాళ్ళలోనూ ప్రతి వందమందిలో అయిదుగురికి అది జరిగింది.

కొట్టలేకపోతే?

ఆ అయిదుగురిని ఏమని అడుగుతాం? నేర్చుకున్నావు కదా, ఎందుకు కొట్టలేదు అనా?

ఈ ప్రశ్న మన న్యాయస్థానాల్లో ఎంత నష్టం చేసిందో మనకు తెలుసు. 1972లో మహారాష్ట్రలో మధుర అనే ఆదివాసీ బాలికపై పోలీసు స్టేషన్లోనే అత్యాచారం జరిగింది. ఒంటి మీద గాయాలు లేవు, కేకలు వేసినట్టు రుజువు లేదు కాబట్టి ఆమె ప్రతిఘటించలేదని సుప్రీంకోర్టు నిందితులను వదిలేసింది. 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు రాసిన బహిరంగ లేఖతో దేశమంతా కదిలింది. 1978లో మన హైదరాబాద్‌లో నల్లకుంట పోలీసు స్టేషన్లో రమీజాబీపై అత్యాచారం జరిగింది, ఆమె భర్త అహ్మద్ హుస్సేన్‌ను కొట్టి చంపారు. నగరం భగ్గుమంది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. విచారణలో మాత్రం ఆమె శీలాన్నే బోనులో నిలబెట్టారు. కేసు కర్ణాటకలోని రాయచూరుకు మారి, 1981లో నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. స్టేషన్ తలుపు లోపల ఒంటరి స్త్రీకి ఏ కరాటే ఏం చేయగలదు?

మహిళా ఉద్యమాల పోరాటం వల్ల 1983లో చట్టం మారింది. 2013లో ఇంకా స్పష్టంగా మారింది. శారీరకంగా ప్రతిఘటించలేదన్న ఒక్క కారణంతో స్త్రీ సమ్మతించినట్టు భావించకూడదని చట్టంలోనే రాశారు. కొత్త సంహిత 63వ సెక్షన్లో కూడా ఆ మాట ఉంది. స్టాక్‌హోంలో అత్యాచార బాధితుల అత్యవసర చికిత్సా కేంద్రానికి వచ్చిన 298 మంది స్త్రీలను పరిశీలించిన అధ్యయనం 2017లో వచ్చింది. వాళ్ళలో 70 శాతం మందికి దాడి సమయంలో ఒళ్ళు చెప్పుకోదగినంతగా కొయ్యబారిపోయింది. అది పిరికితనం కాదు, ఒప్పుకోవడం కాదు. భయంలో శరీరం తనంతట తాను చేసే పని. ఏళ్ళ తరబడి సాధన చేసిన మనిషికైనా జరగవచ్చు.

ఇక కోడలిగా, భార్యగా రోజూ దెబ్బలు తినే మనిషి సంగతి. ఆమె ఒకరోజు తిరిగి కొట్టగలదేమో. ఆ రాత్రి ఎక్కడ పడుకుంటుంది? పిల్లలెక్కడ ఉంటారు? ఆమెకు మోచేతి దెబ్బ కన్నా ముందు ఒక గది కావాలి, 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు కావాలి, వెంట నడిచే మనిషి కావాలి.

1991లో పాతబస్తీకే చెందిన పదేళ్ళ బాలికను ఒక అరబ్బు ముసలివాడికి పెళ్ళి చేసి పంపించారు. ఆ పిల్లకు ఏ విద్యా తెలియదు. విమానంలో ఏడుస్తూ కూర్చుంది. ఎయిర్ హోస్టెస్ అమృతా అహ్లువాలియా ఆగి, అడిగి, విని, పోలీసులకు చెప్పింది. అదే విమానంలో ఎంతోమంది ప్రయాణికులున్నారు. ఆ పిల్లను కాపాడింది అడిగిన ఒక్క మనిషి. పక్కమనిషి ఏడుపు వినడం, కలగజేసుకోవడం కూడా మన తరగతుల్లో నేర్పవలసిన విద్యే.

మనం చేయవలసినవి

కొన్ని ప్రతిపాదనలు మీ ముందు పెడుతున్నాను. శిక్షకురాలు స్త్రీ అయి ఉండాలి, వీలైతే మన బస్తీ అమ్మాయే కావాలి. కనీసం పన్నెండు గంటలైనా లేని శిబిరం పెట్టవద్దు. ఆ తర్వాత వారానికొకసారి మేడ మీదో, బడి ఆవరణలోనో సాధన సాగాలి. పనికి తగ్గ కూలి తీసుకునే స్త్రీకి గంట పోతే డబ్బు పోతుంది కాబట్టి వాళ్ళకు వీలైన వేళే పెట్టాలి, పిల్లలను చూసుకునే ఏర్పాటు చెయ్యాలి. ప్రభుత్వ పాఠశాలల్లో 6 నుంచి 12 తరగతుల బాలికలకు మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ ఇవ్వడానికి సమగ్ర శిక్షా పథకంలో నిధులున్నాయి. మీ బస్తీ బడిలో అది జరుగుతోందా అని వెళ్ళి అడగండి.

ప్రతి శిబిరంలో ఒక పూట చట్టానికి కేటాయించండి. 112, 181 నంబర్లు నోటికి రావాలి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు నమోదు చెయ్యాలి. లైంగిక నేరాల్లో నమోదు చెయ్యని పోలీసు అధికారికి జైలుశిక్ష పడే సెక్షన్ ఉంది, అది 199. హైదరాబాద్‌లో 2014 అక్టోబరులో షీ టీములు వచ్చాయి. వాటిని వాడుకోవాలి, పని చెయ్యకపోతే నిలదియ్యాలి. వీధి దీపాలు, రాత్రి బస్సులు, మరుగుదొడ్లు అడగడం మానేసి పిల్లలకు కరాటే మాత్రం నేర్పితే ప్రభుత్వం చెయ్యవలసిన పనిని మనమే వాళ్ళ భుజాల మీద పెట్టినట్టవుతుంది.

చివరిగా ఒక నియమం. శిక్షణ పొందిన అమ్మాయి ఎప్పుడైనా మన దగ్గరికి వచ్చి నాకిలా జరిగింది అని చెబితే, నేర్చుకున్నది వాడావా అని ఎవ్వరూ అడగకూడదు. కూర్చోబెట్టి నీళ్ళిచ్చి, నీకేం కావాలమ్మా అని అడగాలి. ఈ నియమాన్ని తరగతి మొదటి రోజునే పిల్లలందరికీ చెప్పండి. ఆ ధైర్యం ఇచ్చిన తర్వాతే చేతులెత్తడం నేర్పండి.

 ఇక ప్రశ్నలు అడగండి.