కొలెస్ట్రాల్ మాత్రలు, బరువు తగ్గే మందులు – మగవారి సంతాన శక్తి
(ఆరోగ్య కేంద్రంలో దంపతుల సమావేశంలో డాక్టరు గారి ప్రసంగం)

 

కుటుంబ నియంత్రణ అనగానే "ఇక పిల్లలు చాలు" అనేవారికే అనుకుంటారు చాలామంది. కాదండీ. కావాలనుకున్నప్పుడు బిడ్డ కలగడం కూడా ఇందులో భాగమే. అందుకే ఈవేళ మగవారిని ముందు వరుసలో కూర్చోమన్నాను. స్తంభాల చాటున నిలబడ్డవారు కూడా ముందుకు రావచ్చు.

మొన్నామధ్య ఒక రైతు దంపతులు నా దగ్గరకు వచ్చారు. ఆయనకు ముప్ఫై ఆరేళ్లు. రెండేళ్ల కిందట గుండెపోటు వస్తే పట్నంలో స్టెంటు వేసి, రోజూ రాత్రి కొలెస్ట్రాల్ మాత్ర వేసుకోమన్నారు. పెళ్లయి నాలుగేళ్లయింది, సంతానం లేదు. "ఆ మాత్ర మగతనాన్ని చంపేస్తుందిరా" అని ఎవరో చెప్పారట. ఆయన మూడు నెలలుగా మాత్ర మానేశాడు. ఈ సంగతి భార్యకు నా ఎదుటనే తెలిసింది. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుని "పిల్లల కోసం మిమ్మల్ని పోగొట్టుకోమంటారా?" అన్నది.

నేను ఆయన్ని ఒక్క మాట అడిగాను. "పెళ్లయిన మొదటి రెండేళ్లు నీకు ఏ మాత్రా లేదు కదా, మరి అప్పుడెందుకు కలగలేదయ్యా?" ఆయన దగ్గర జవాబు లేదు.

అయితే ఆ భయం ఊరికే పుట్టింది కాదు. మగ హార్మోను తయారయ్యేది కొలెస్ట్రాల్ నుంచే. కొలెస్ట్రాల్ తగ్గిస్తే హార్మోను కూడా తగ్గిపోదా అని ఎవరికైనా అనుమానం వస్తుంది. అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ వంటి స్టాటిన్ మాత్రలు ముఖ్యంగా కాలేయం మీద పనిచేస్తాయి. వృషణాలు తమకు కావలసిన కొలెస్ట్రాల్‌ను చాలావరకు సొంతంగా తయారు చేసుకోగలవు. అందువల్ల ఈ మాత్రలు వాడేవారిలో హార్మోను తగ్గినా కొద్దిగానే తగ్గుతుంది. వీర్యకణాల సంగతి చూస్తే, కొన్ని చిన్న పరిశీలనల్లో కొంత మార్పు కనిపించింది, కొన్నింటిలో కనిపించలేదు. ఈ మాత్రల వల్ల మగవాడికి సంతానం కలగకుండా పోతుందని మాత్రం తేలలేదు. గుండెపోటు వచ్చినవాడు వీటిని తనంతట తాను మానేస్తే మళ్లీ గుండెపోటు వచ్చే ముప్పు పెరుగుతుంది. ఇది మాత్రం రుజువైన మాట. అనుమానముంటే డాక్టరును అడగండి, చాటుగా మానకండి.

ఇదే మాత్ర భార్య వాడుతుంటే సంగతి వేరు. గర్భం కోరుకునే ముందే ఆమె డాక్టరుకు చెప్పాలి. చాలామంది స్త్రీలకు గర్భంతో ఉన్నన్నాళ్లు దీన్ని ఆపిస్తారు.

ఇక బరువు తగ్గే మందులు. 2025 నుంచి మన దేశంలో వారానికొకసారి పొడుచుకునే ఇంజెక్షన్లు ఇందుకోసం వచ్చాయి. వీటివల్ల మగవారి సంతాన శక్తి చెడుతుందని ఇప్పటివరకు రుజువు కాలేదు. పైగా బాగా లావుగా ఉన్నవారు బరువు తగ్గితే మగ హార్మోను పెరుగుతుంది. ఒంట్లో కొవ్వు మగ హార్మోనులో కొంత భాగాన్ని ఆడ హార్మోనుగా మార్చేస్తుంది. వృషణాలేమో ఒంటి వేడికన్నా రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండాలి, తొడల కొవ్వు వాటిని వెచ్చబెడుతుంది. అంటే మందు కన్నా పొట్టే పెద్ద శత్రువు.

ఆడవారు మాత్రం ఒక సంగతి వినండి. టిర్జెపటైడ్ అనే ఇంజెక్షన్ వాడే స్త్రీలలో నోటితో మింగే గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయకపోవచ్చు. మొదలుపెట్టినప్పుడు నాలుగు వారాలు, మోతాదు పెంచిన ప్రతిసారీ మరో నాలుగు వారాలు నిరోధ్ కూడా వాడాలి. సెమాగ్లూటైడ్ వాడే స్త్రీ బిడ్డను కోరుకుంటే కనీసం రెండు నెలల ముందే దాన్ని ఆపాలి.

నాకు అసలు భయం సంతలో, బస్టాండులో, ఫోనులో అమ్మే పేరులేని పొడులంటే. "మూలికలే" అంటారు. గుండెకు చేటు చేస్తుందని 2010లో అమెరికా, యూరప్‌లలో, 2011లో మన దేశంలో ఆపేసిన సిబుట్రమిన్ అనే మందు అలాంటి సన్నబడే పొడుల్లో కలిసి దొరికిన సందర్భాలు విదేశాల్లో ఎన్నో ఉన్నాయి. కండలు పెరగాలని కుర్రవాళ్లు పొడిపించుకునే మగ హార్మోను ఇంజెక్షన్లు మరీ దుర్మార్గం. బయటినుంచి హార్మోను వస్తుంటే వృషణాలు పని మానేస్తాయి, వీర్యకణాలు పూర్తిగా లేకుండా కూడా పోవచ్చు. ఆపాక తిరిగి రావడానికి నెలలు, ఒక్కోసారి ఏడాది పైన పడుతుంది. పేరు "మగ హార్మోను", చేసేది ఇదీ!

ఆ దంపతుల సంగతికి వస్తాను. నాలుగేళ్లలో ఆమెకు మూడుసార్లు స్కానింగు తీయించారు. ఆయనకు ఒక్కసారి కూడా వీర్యపరీక్ష చేయించలేదు! అత్తగారు కోడలినే అంటూ వచ్చింది. ఇప్పుడు చేయిస్తే కణాలు తక్కువని తేలింది, వృషణం పైన సిరలు ఉబ్బి ఉన్నాయి. సంతానం లేని మగవారిలో తరచు కనబడే కారణం ఇది. మాత్ర మళ్లీ మొదలుపెట్టించి జిల్లా ఆసుపత్రికి పంపాను. బీడీ కూడా మానమన్నాను. దానికి మాత్రం ఆయన ఇంకా సరే అనలేదు.

వీర్యపరీక్షకు భయపడవలసిందేమీ లేదు. రెండు నుంచి ఏడు రోజులు భార్యాభర్తలు దూరంగా ఉండి, శుభ్రమైన సీసాలో పట్టాలి. నిరోధ్‌లో పట్టి తేకూడదు. ఇంటి దగ్గర పడితే సీసాను చొక్కా లోపల ఒంటికి ఆనించుకుని గంటలోపు తేవాలి. మిల్లీలీటరుకు కోటీ అరవై లక్షల కణాలకు తగ్గితే తక్కువ అంటారు. ఒక్కసారికే బెంగపడవద్దు, మళ్లీ చేయిస్తారు. వీర్యకణం తయారు కావడానికి రెండున్నర నెలల దాకా పడుతుంది. కాబట్టి ఈవేళ మందు మార్చినా, బరువు తగ్గడం మొదలుపెట్టినా మూడు నెలలు ఆగి చూడాలి. వచ్చేటప్పుడు వాడే మందుల చీటీ, ఆ పొడి డబ్బా కూడా పట్టుకు రండి.