గొంగడి, పిల్లి

నారాయణఖేడ్ ప్రాంతపు పుష్యమాసపు చలిని ఎరిగినవారికి ఈ ప్రసంగ ప్రయోజనం వేరే చెప్పనక్కరలేదు. తాలూకా 1956లో బీదరు జిల్లా నుండి మెదకుకు, 2016లో మెదకు నుండి సంగారెడ్డికి మారినది గాని, బీదరు వైపునుండి వీచే గాలికి ఆ ఉత్తరువులేవీ అందినట్లు లేవు.

సెలవులకు ఊరు వెళ్ళినపుడు నాకు రాత్రి తోడు ఇద్దరు. ఒకటి మా నాయన కప్పుకొనిన నల్ల గొంగడి. రెండవది మా ఇంటి పిల్లి.

గొంగడిది గొప్ప వంశమే. దక్కను నల్లగొర్రె ఉన్నిని కురుమ స్త్రీలు వడకగా, దారానికి చింతగింజల గంజి పట్టించి, గుంటమగ్గంమీద నేసినది. కొత్తలో అది మనిషిని గీరుతుంది. వానకు తడిసిందా, ఇంటిల్లిపాదికీ గొర్రెలమందలో పడుకొన్న భ్రాంతి కల్పిస్తుంది. అయినా దాని నడవడికి వంక పెట్టలేము. పడుకోమన్నచోట పడుకొంటుంది, పాలు అడుగదు. లోపమల్లా ఒక్కటే: తనంతట వేడి పుట్టించలేదు. ఉన్ని మెలికలలో చిక్కిన గాలి మన ఒంటి వేడినే పోనీయక నిలుపుతుంది. మన సొమ్మును మనకే దాచిపెట్టే, వడ్డీ ఇవ్వని బ్యాంకు వంటిదన్నమాట.

పిల్లి సొంత పెట్టుబడితో వచ్చే భాగస్వామి. దాని ఒంటి వేడి సహజంగానే 101 డిగ్రీల ఫారన్‌హీటు ప్రాంతం. మనకైతే జ్వరమని సెలవు పెట్టేవారము. కాని తెల్లవారుజామున వేటాడటం దాని జాతిధర్మం. ఎలుక లేనపుడు నా కాలి బొటనవ్రేలే ఎలుక. ఆపైన రొమ్మెక్కి కూర్చుండి, నేను మేలుకొన్నానా లేదా అని పంజాతో విచారణ జరుపుతుంది. ఇంత చేసినా, నన్నే వెదకుకొంటూ వస్తుంది గదా అని నాకు లోలోపల గర్వమే.

ఈసారి గొంగడి అంచులు చివికిపోయినవని మరొకటి కొనబోయాను. పొరుగూరి నేతగాని ఇంట మగ్గంగుంట నిండా వంటచెరకు పేర్చి ఉన్నది. ఇప్పుడు మందలలో మాంసానికి పనికివచ్చే ఎర్రగొర్రెలే ఎక్కువట. వాటికి ఉన్ని ఎక్కడిది? బజారులో మిల్లు కంబళి కొనుక్కొని వచ్చాను. మెత్తనిదే, రంగురంగులదే. ఆ రాత్రి అది కప్పుకొని, పాతదానిని మడిచి బల్లమీద పెట్టాను.

పిల్లి వచ్చింది. మంచమెక్కి కంబళిని వాసన చూచింది. నా ముఖమైనా చూడక దిగిపోయి, బల్లమీది గొంగడిలో చుట్టుకొని పడుకొన్నది. బుజ్జగించి తేబోయాను.

"ఉండనియ్ బిడ్డా," అన్నది మా అమ్మ చీకటిలోనుండి. "మీ నాయిన పోయినప్పటిసంది అది దాన్ని ఇడుస్తలేదు."

చేతులు వెనుకకు తీసికొని, వచ్చి కంబళి కప్పుకొన్నాను. చలి తెల్లవార్లూ పెట్టింది.