ముత్తాత ఏ దేశస్తుడు?

(కోల్‌కతా సాల్ట్ లేక్‌లో తెలుగు విద్యార్థులు, అధ్యాపకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిన్న రాత్రి దమ్‌దమ్ ఎయిర్‌పోర్టులో ఇమ్మిగ్రేషన్ కౌంటర్ మీద రెండు పుస్తకాలు పెట్టాను. ఒకటి బ్రిటన్ పాస్‌పోర్టు, రెండోది ఓసీఐ కార్డు. ఆఫీసర్ రెండూ తిప్పి చూసి ముద్ర కొట్టి పంపేశాడు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ ఐదు నిమిషాలు ఎవరికి దొరుకుతాయి, ఎవరికి దొరకవు అన్నదే ఈ రోజు నా మాట.

నేను గుంటూరు జిల్లాలో ఒక మాలపల్లె నుంచి వెళ్ళినవాణ్ణి. బ్రిటన్ పౌరసత్వం వచ్చిన రోజున మా అమ్మ ఫోన్లో, "అయితే ఇంక నువ్వు ఈ దేశపోడివి కాదంట్రా?" అని అడిగింది. నేను నవ్వేసి ఏదో సర్ది చెప్పాను. కానీ చట్టం ప్రకారం అమ్మ అన్నదే నిజం. ఇష్టపూర్వకంగా ఇంకో దేశపు పౌరసత్వం తీసుకుంటే 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ కింద భారత పౌరసత్వం దానంతటదే పోతుంది. ఎవరూ నోటీసు ఇవ్వరు. పాత పాస్‌పోర్టు మనమే సరెండర్ చేయాలి. ఇక్కడున్న పిల్లల్లో చాలామంది రేపు బయటికి వెళ్ళేవాళ్ళే కాబట్టి చెబుతున్నాను. కొత్త పౌరసత్వం వచ్చాక పాత పాస్‌పోర్టు మీద ప్రయాణం చేయొద్దు, అది నేరం.

ఓసీఐ పేరులో సిటిజన్ అనే మాట ఉంది గాని అది పౌరసత్వం కాదు. 2005 నుంచి ఇస్తున్న జీవితకాలపు వీసా, అంతే. ఓటు లేదు. సర్కారు ఉద్యోగంలో సమాన అవకాశమనే 16వ అధికరణం దానికి వర్తించదు. సాగుభూమి కొనడానికి లేదు. నా ఎస్సీ సర్టిఫికెట్ ఇప్పుడు అమ్మ ట్రంకుపెట్టెలో ఉంది, దానితో నాకు పనిలేదు. ఊళ్ళో మాత్రం నా కులం ఏ ఆఫీసులోనూ సరెండర్ కాలేదు. పోయినసారి వెళ్ళినప్పుడు టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన నా పేరు అడగలేదు, "ఏ పేట అబ్బాయివి?" అన్నాడు.

పరిశోధకులకు ఇంకో మాట. 2021 మార్చి నోటిఫికేషన్ ప్రకారం ఓసీఐ ఉన్నవాళ్ళు ఇక్కడ పరిశోధన చేయాలన్నా, విలేకరిగా పనిచేయాలన్నా ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. అమ్మను చూడటానికి రావచ్చు. అమ్మ ఉండే వాడ మీద థీసిస్ రాయాలంటే అనుమతి కావాలి. 2019 సవరణ చట్టం మరో పని కూడా చేసింది. ప్రభుత్వం నోటిఫై చేసిన ఏ చట్టాన్ని ఉల్లంఘించినా ఓసీఐ రద్దు చేసే వీలు కల్పించింది. ఆ చట్టం గురించి మాట్లాడినవాళ్ళలో ఈ ముక్క పట్టించుకున్నవాళ్ళు తక్కువ.

అమ్మను చూడటానికి రావచ్చన్నాను గాని, అదీ అందరికీ కాదు. క్షమా సావంత్ 2010లో అమెరికా పౌరురాలైంది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది, అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అదే. ఆ ప్రతిపాదన తెచ్చింది ఆమె. బెంగళూరులో జబ్బుగా ఉన్న తల్లిని చూడటానికి దరఖాస్తు పెడితే మళ్ళీ మళ్ళీ వీసా నిరాకరించారు. ఆమె భర్తకు మాత్రం ఇచ్చారు. తన రాజకీయాలే కారణమని ఆమె అంటోంది. ఆమె పుట్టింది బ్రాహ్మణ కుటుంబంలో. పుట్టుకతో ఏ అడ్డూ లేనిచోట నోరు అడ్డొచ్చింది.

పుట్టుకే అడ్డొచ్చేవాళ్ళ దగ్గరికి వద్దాం. మనం కూర్చున్న ఈ సాల్ట్ లేక్ ఉప్పునీటి చిత్తడి నేలల్ని హుగ్లీ ఒండ్రుతో పూడ్చి కట్టిన ఊరు. 1960లలో ఇక్కడ ఆ పని సాగుతున్న రోజుల్లోనే తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన నామశూద్ర శరణార్థుల్ని బెంగాల్‌లో చోటు లేదని దండకారణ్యం దారి పట్టించారు. కొందరు మన కాగజ్‌నగర్ దగ్గర ఈస్‌గాం వైపు కూడా చేరారు. బెంగాల్లో నామశూద్రులు ఎస్సీలు. తెలంగాణ జాబితాలో ఆ పేరు లేదు. రైలు దిగేసరికి సర్టిఫికెట్ పోయింది, పలుగూ పారా మిగిలాయి.

అక్కడ పుట్టిన ఒక అమ్మాయిని ఊహించుకోండి. తాత 1964లో ఖుల్నా అల్లర్లప్పుడు సరిహద్దు దాటాడు. ఆ అమ్మాయి తెలుగు మీడియంలో చదివి, ఇంజనీరింగ్ చేసి, డల్లాస్ వెళ్ళి అమెరికా పౌరురాలైంది. పక్క సీట్లో పనిచేసే గుంటూరు సహోద్యోగిలాగే ఓసీఐకి అప్లై చేయబోయింది. పౌరసత్వ చట్టం 7ఎ సెక్షన్ ఏమంటుందో చూడండి: దరఖాస్తుదారు గాని, తల్లిదండ్రుల్లో, తాతముత్తాతల్లో ఎవరైనా గాని పాకిస్తాన్ లేదా బంగ్లాదేశ్ పౌరులై ఉంటే అర్హత లేదు. అక్షరాలా చదివితే ఆ అమ్మాయికి తలుపు మూసినట్టే. కాగజ్‌నగర్‌లో ఉన్న అమ్మను చూడటానికి వచ్చిన ప్రతిసారీ పరాయిదేశపు మనిషిలా వీసా అడగాలి. నాలుగు తరాల లెక్క అది. ఈ దేశంలో తాతముత్తాతల్ని బట్టి మనిషికి చోటు నిర్ణయించే పద్ధతి మనకు కొత్తేమీ కాదు.

దీనికి ఇంకో కొస ఉంది. 2024 మార్చిలో సీఏఏ నిబంధనలు వచ్చాయి. దరఖాస్తు చేసే శరణార్థి తాను ఆ మూడు దేశాల్లో ఒకదాని నుంచి వచ్చానని చూపించాలి. తల్లిదండ్రులో, తాతలో, ముత్తాతలో అక్కడి పౌరులని రుజువు చేసే కాగితమైనా చాలు. అంటే పౌరసత్వం కోసం ఠాకూర్‌నగర్ మతువా తండ్రి ఈ రోజు ఫైల్లో పెట్టే బంగ్లాదేశ్ కాగితమే, రేపు విదేశంలో స్థిరపడిన మనవరాలికి ఓసీఐ రాకుండా సాక్ష్యం చెబుతుంది.

1946లో బాబాసాహెబ్‌ను బెంగాల్ నుంచి రాజ్యాంగ సభకు గెలిపించడానికి నిలబడిన మనిషి జోగేంద్రనాథ్ మండల్, నామశూద్రుడు. ఆయన పాకిస్తాన్ తొలి న్యాయమంత్రి అయ్యాడు. ఈయన భారత తొలి న్యాయమంత్రి. పౌరసత్వ అధికరణం డ్రాఫ్టింగ్ కమిటీకి పెద్ద తలనొప్పి తెచ్చిందని బాబాసాహెబ్ 1949 ఆగస్టు 10న సభలోనే ఒప్పుకున్నాడు. పాకిస్తాన్ నుంచి వచ్చేవాళ్ళకు అందులో పెట్టిన గీత 1948 జూలై 19. మండల్ రాజీనామా పంపింది 1950 అక్టోబరులో, కోల్‌కతాకు వచ్చేశాక.

ఇక్కడ లా చదివేవాళ్ళు ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. భారత పౌరుల పిల్లలుగా ఈ గడ్డ మీదే పుట్టినవాళ్ళకు ఆ 7ఎ మినహాయింపు 14వ అధికరణం ముందు ఎలా నిలుస్తుందో మీరు రాయాలి. కేసుకు కావలసిన కుటుంబాలు ఠాకూర్‌నగర్లో ఉన్నాయి, ఈస్‌గాంలో ఉన్నాయి. ఈస్‌గాం వెళ్ళేవాళ్ళతో నేనూ వస్తాను. నాకు అనుమతి తెచ్చుకోవడానికి మాత్రం కాస్త టైమివ్వండి.

జై భీమ్.