పద్యం కన్నా పాత్ర ముందు: బళ్ళారి రాఘవ



కడప, కర్నూలు సీమల విద్యార్థులు పట్టాలు పుచ్చుకొనే ఈ వేళ స్మరించదగిన గురువు, నటనకు కళాశాలలు లేని కాలంలో నటులను తీర్చిదిద్దిన తాడిపత్రి రాఘవాచార్యులు, అనగా లోకమెరిగిన బళ్ళారి రాఘవ. 1880 ఆగస్టు 2న తాడిపత్రిలో జన్మించి, మద్రాసులో న్యాయశాస్త్రం చదివి, బళ్ళారిలో క్రిమినల్ వకీలుగా పేరు గడించిన ఆయనకు నాటకం ఇంటి విద్యే. సరసవినోదినీ సభ అనే నాటక సమాజాన్ని నడిపిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు స్వయానా మేనమామ.

ఆనాడు పద్యనాటకంలో నటుడి ప్రతిభను రాగాలాపనతో కొలిచేవారు. ప్రేక్షకులు 'వన్స్ మోర్' అని కేకవేస్తే, అప్పుడే ప్రాణం విడిచిన పాత్ర సైతం లేచి, హార్మోనియం శ్రుతి అందుకొని, అదే పద్యం పాడి, మళ్ళీ చనిపోయేది. రాఘవ ఈ ధోరణిని ఎదిరించి సాత్వికాభినయానికి, అంటే మనసులోని భావం కంటిలోనూ గొంతులోనూ తనంతట తానే పలికే అభినయానికి, పెద్దపీట వేశారు. కోలాచలం శ్రీనివాసరావు 'రామరాజు చరిత్ర'లో ఆయన ధరించిన పఠాన్ రుస్తుం పాత్ర అందుకు పేరుపడ్డ ఉదాహరణ. 1898లో మాస్కో ఆర్ట్ థియేటర్ నెలకొల్పిన స్టానిస్లావ్‌స్కీ వెతికిందీ ఇటువంటి సత్యాన్నే అయినా, ఇద్దరికీ చుట్టరికం కలపనక్కరలేదు.

రాఘవ చేసిన అసలు సాహసం మరొకటి. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో 'కీచకవధ'తో మొదలైన సురభి సమాజాలలో స్త్రీ పాత్రలను ఆ కుటుంబాల స్త్రీలే ధరిస్తూ వచ్చినా, చదువుకున్నవారి సమాజాలలో మగవారే చీర కట్టేవారు. ఆ సంకోచాన్ని తోసిపుచ్చి, కొమ్మూరి పద్మావతీదేవి వంటి విద్యావతులను రంగస్థలం ఎక్కించి, పి.వి. రాజమన్నారు 'తప్పెవరిది' వంటి సాంఘిక నాటకాలను ఆయన ప్రదర్శించారు. 'ద్రౌపదీ మానసంరక్షణం' (1936), 'రైతుబిడ్డ' (1939) చిత్రాలలోనూ నటించారు గాని, వెండితెర ఆయనకు అచ్చిరాలేదనే చెప్పాలి.

1946 ఏప్రిల్ 16న రాఘవ కన్నుమూశారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడగా బళ్ళారి మైసూరులో కలిసింది; రాయలసీమ బిడ్డ ఇంటిపేరుగా నిలిచిన ఊరు పొరుగు రాష్ట్రానిదైంది. హద్దులు మారినా ఆయన విద్య ఈ సీమదే కనుక, రేపు కోర్టుకో బడికో ఆఫీసుకో వెళ్ళబోయే పట్టభద్రులు, వకాలతు మానకుండానే నాటకాన్ని నిలబెట్టిన ఆ వకీలును తలచుకొని, తమ ఊరి నాటక సమాజానికి వారానికొక సాయంత్రమైనా కేటాయించాలి.