రెండో గుట్ట ఎక్కని బండి
(భిలాయిలో జరిగిన సిబ్బంది కుటుంబాల సమావేశంలో ఒక సహోద్యోగి చేసిన ప్రసంగం)



సెలవుల్లో పిల్లలతో ఎలా గడపాలన్న విషయం మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. సలహాలు చెప్పేంత అర్హత నాకు లేదు. మా ఇంట్లో కట్టిన ఒక బొమ్మ రోలర్ కోస్టర్ గురించి, దాని దగ్గర నేను చేసిన ఒక తప్పు గురించి చెబుతాను.

నేను పెరిగింది ఈ ఊళ్ళోనే. మా నాన్నగారు శ్రీకాకుళం జిల్లా నుంచి ఇక్కడి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చారు. రైలు పట్టాలు తయారయ్యే మిల్లులో చేసి రిటైరయ్యారు. అమ్మ పోయాక రిసాలిలో ఇంట్లో ఒక్కరే ఉండేవారు. అందుకని నేనే అడిగి విశాఖపట్నం నుంచి భిలాయికి బదిలీ చేయించుకున్నాను. మావారి ఉద్యోగం అక్కడే కాబట్టి ఆయన నెలకోసారి వచ్చేవారు. నాన్నగారికి తోడు దొరికింది, నాకు నా ఊరు దొరికింది. మా అబ్బాయికి మాత్రం ఉన్న స్నేహితులు పోయారు. అప్పటికి వాడికి పదకొండేళ్ళు. తన హిందీ విని నవ్వుతారేమోనని బడిలో నోరు మెదిపేవాడు కాదు. ఇంటికొచ్చాక నాతోనూ అంతే.

ఆ వేసవిలో అమెరికా నుంచి వస్తూ మా తమ్ముడు లెగో రోలర్ కోస్టర్ పెట్టె తెచ్చాడు. 2018లో వచ్చిన సెట్టు అది. 4,124 ముక్కలు. దాంతో పాటు వాళ్ళ పిల్లలు ఆడి వదిలేసిన ముక్కలు ఒక సంచెడు తెచ్చాడు.

లెగో డెన్మార్క్‌లోని బిల్లుండ్ అనే ఊరి కంపెనీ. 1932లో ఒక వడ్రంగి చెక్క బొమ్మలతో మొదలుపెట్టాడు. ఇప్పుడు మనం చూసే ప్లాస్టిక్ ఇటుకకు 1958 జనవరి 28న పేటెంటుకు దరఖాస్తు చేశారు. నాన్నగారు ఇటుకను స్కేలుతో కొలిచి, బొడిపెకూ బొడిపెకూ మధ్య 8 మిల్లీమీటర్లు అని కాగితం మీద రాసుకున్నారు. ఏ ముక్కను కొలిచినా తేడా రాలేదు. "బొమ్మే గాని, మా మిల్లులోలాగే కొలతలు" అన్నారు. చాలా రోజుల తర్వాత ఆయన ఒక విషయం మీద అంత ఆసక్తి చూపించడం అదే.

రోలర్ కోస్టర్ పని చేసే తీరు మీకు తెలిసిందే. గొలుసు బండిని మొదటి గుట్ట మీదికి లాగుతుంది. అక్కణ్ణుంచి ఇంజను లేదు, ఏమీ లేదు. ఎక్కిన ఎత్తే దాని పెట్టుబడి. కిందికి జారేటప్పుడు ఆ ఎత్తు వేగంగా మారుతుంది, మళ్ళీ ఎక్కేటప్పుడు వేగం ఎత్తుగా మారుతుంది. దారి పొడుగునా రాపిడి తన వాటా కోసుకుంటూనే ఉంటుంది. అందుకే తర్వాత వచ్చే ఏ గుట్టా మొదటి గుట్టంత ఎత్తు ఉండకూడదు. బ్యాంకువాళ్ళం కదా, జమ లేకుండా ఖర్చు కుదరదని మనకు వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి. 1955లో కుదిరిన ఒప్పందంతో సోవియట్ సాయంతో వెలిసిన ఊరు మనది. రోలర్ కోస్టర్‌కీ రష్యాతో చుట్టరికం ఉంది. పూర్వం అక్కడ చలికాలంలో చెక్కతో ఎత్తైన దిబ్బలు కట్టి, మంచు పేర్చి, జారేవారట. ఫ్రెంచివాళ్ళు ఈనాటికీ దీన్ని 'రష్యా కొండలు' అనే అంటారు. రష్యావాళ్ళేమో 'అమెరికా కొండలు' అంటారు. 1884లో న్యూయార్క్ దగ్గర కోనీ ఐలాండ్‌లో డబ్బు తీసుకుని జనాన్ని ఎక్కించడం మొదలయ్యాక దీనికి అమెరికాలో గిరాకీ పెరిగింది. ఈ కథ చెబితే నాన్నగారు మైత్రీ బాగ్‌లో పిల్లల రైలెక్కినంత సంబరపడ్డారు.

పుస్తకం చూసి కట్టడానికి మావాడికి పది రోజులు పట్టింది. చక్కగా తిరిగింది. రెండు రోజులు చూశాడు. మూడో రోజు మొత్తం విప్పేశాడు. నా ప్రాణం ఉసూరుమంది. "ఇది వాళ్ళ కోస్టర్. నాది కడతాను" అన్నాడు.

వాడి కోస్టర్‌లో మొదటి గుట్ట అరమీటరు ఎత్తు. దిగగానే ఒక మలుపు, ఆ వెంటనే రెండో గుట్ట. బండి ఉరుకుతూ వచ్చేది, రెండో గుట్ట సగం ఎక్కేది, ఆగేది, వెనక్కి జారేది. ఎన్నిసార్లు వదిలినా అంతే. వాడు నోటు పుస్తకంలో ప్రతిసారీ ఎక్కడ ఆగిందో రాసుకునేవాడు. ఇలా వారం గడిచింది.

ఆ వారంలోనే క్లాసులోని ఇద్దరు పిల్లల్ని ఆదివారం రమ్మని పిలిచాడు. ఇక్కడికి వచ్చాక వాడు ఎవరినైనా పిలవడం అదే మొదటిసారి. శనివారం రాత్రి దాకా బండి ఎక్కలేదు. వాడు నిద్రపోయాడు. నాకు నిద్ర పట్టలేదు. మొట్టమొదట ఇంటికొచ్చే స్నేహితుల ముందు బండి ఆగిపోతే? వాడు మళ్ళీ ముడుచుకుపోతే?

లేచి దీపం వేసుకుని కూర్చున్నాను. రెండో గుట్టకు అటొకటి ఇటొకటి ఏటవాలు ముక్కలు తీసి, వాటి చోట తిన్నటివి పెట్టాను. కింద స్తంభాన్ని ఆ మేరకు కుదించాను. వదిలితే బండి దాటేసింది. మూడుసార్లు వదిలాను, మూడుసార్లూ దాటింది. గొప్ప పని చేశానన్న తృప్తితో పడుకున్నాను.

పొద్దున్నే వాడు స్విచ్చు వేశాడు. బండి గుట్ట దాటి చుట్టూ తిరిగి వచ్చింది. వాడు నవ్వలేదు. నోటు పుస్తకం తెచ్చి, స్తంభంలో ఇటుకలు లెక్కపెట్టాడు.

"అమ్మా, దీన్ని ఎవరు ముట్టుకున్నారు?"

"నేనే నాన్నా. ఆగిపోతోంది కదా అని..."

"ఇప్పుడిది నాదెలా అవుతుంది?" అన్నాడు. అరవలేదు, ఏడవలేదు. నేను పెట్టిన ముక్కలు ఒక్కొక్కటే తీసి నా చేతిలో పెట్టాడు. అరిచినా బాగుండేది.

మన కౌంటర్లలో మేకర్, చెకర్ అని ఇద్దరుంటారు. ఎంట్రీ వేసినవాడే దాన్ని పాస్ చేయకూడదు. తప్పుంటే చెకర్ వెనక్కి పంపాలే గాని, తనే దిద్దేసి పాస్ చేస్తే అది నేరం. ఇన్నేళ్ళ సర్వీసులో నేనెప్పుడూ చేయని పని మా అబ్బాయి దగ్గర చేశాను.

ఇదంతా నాన్నగారు టీ తాగుతూ చూస్తున్నారు. గ్లాసు పక్కన పెట్టి వచ్చి, రెండో గుట్ట స్తంభం మీద అరచెయ్యి ఆనించారు. "బండి వదలరా బుజ్జీ" అన్నారు. మనవడు వదిలాడు. "ఇప్పుడు నువ్వు చెయ్యి పెట్టు. ఏం తెలుస్తోంది?"

"ఊగుతోంది తాతయ్యా."

"ఊగినంత బలం బండికి పోయినట్టే. గుట్ట ఎత్తు ఎక్కువ కాలేదు. కాళ్ళు గట్టిగా లేవు."

ఆయన చెప్పింది అంతే. ముక్క ముట్టుకోలేదు. భిలాయి మిల్లులో ఇప్పుడు ఒకే ముక్కగా 130 మీటర్ల పట్టా తీస్తారు, రెంటిని అతికి 260 మీటర్లు చేసి పంపుతారు. పట్టా ఎంత బాగున్నా కింద పడక గట్టిగా లేకపోతే దండగేనని అలాంటి మిల్లులో పనిచేసిన మనిషికి ఎవరు చెప్పాలి!

ఇంతలో ఆ పిల్లలిద్దరూ వచ్చారు. చూపించడానికి తిరిగే కోస్టర్ లేదు. ఆగిపోయే కోస్టరే ఉంది. "యే రుక్ జాతా హై, ఖంబా హిల్తా హై" అన్నాడు మావాడు. ఎవరూ నవ్వలేదు. ముగ్గురూ నేల మీద బోర్లా పడుకుని స్తంభాలకేసి చూడసాగారు.

ఊగే స్తంభానికి మూలగా ఒక బద్ద వేస్తే త్రిభుజమై నిలబడుతుంది. సంచిలో రంధ్రాలున్న బద్దలు దొరికాయి. మూడు, నాలుగు, ఐదు కొలతలతో లంబకోణం వస్తుందని బడిలో విన్నది ఒక పిల్లాడికి గుర్తొచ్చింది. మూడు, నాలుగు, ఐదు రంధ్రాల బద్దలు తీసి బిగించారు. మూల సరిగ్గా రాలేదు. గంటసేపు కుస్తీ పట్టాక ఆ పిల్లాడే పట్టుకున్నాడు. లెక్కపెట్టాల్సింది రంధ్రాల్ని కాదు, వాటి మధ్య ఎడాల్ని. అంటే నాలుగు, ఐదు, ఆరు రంధ్రాల బద్దలు కావాలి. నాన్నగారికి ఆ సంగతి ముందే తెలుసని ఆయన ముఖం చూస్తే నాకర్థమైంది. గంటసేపూ నోరు విప్పలేదు. నేనైతే ఆపుకోలేకపోయేదాన్ని.

సాయంత్రం ఐదింటికి బండి రెండో గుట్ట కొస మీద ఒక్క క్షణం తటపటాయించి, అవతలికి జారింది. ఆ అరుపులకు పక్కింటివాళ్ళు బయటికి వచ్చారు.

ఆ కోస్టర్ ఇప్పుడు లేదు. ముక్కలన్నీ పాత బియ్యం డబ్బాలో ఉన్నాయి. ఆ పిల్లలిద్దరూ మాత్రం ఆదివారాలు వస్తూనే ఉన్నారు. నాన్నగారు వాళ్ళకోసం జంతికలు దాచి ఉంచుతారు. మావాడి హిందీలో ఇంకా తప్పులున్నాయి, అయినా మాట్లాడుతున్నాడు.

పిల్లల బండి ఆగిపోతుంటే చూస్తూ ఊరుకోవడం కష్టం. అది నాకింకా పూర్తిగా చేతకాలేదు. చెయ్యి దురద పెట్టినప్పుడల్లా, ఆ రోజు వాడు నా అరచేతిలో పెట్టిన ముక్కలు గుర్తు తెచ్చుకుంటాను. వాటిని డబ్బాలో వేయలేదు. నా బీరువాలోనే ఉన్నాయి.