అమ్మకు వచ్చిందని ఊరుకోవద్దు
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)

పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ లెక్కలు ఇప్పుడే విన్నారు. మేం ఒక్క సంగతి చెప్పి కూర్చుంటాం.

పోయిన ఏడు మా సంఘంలో ఒక అక్క వరసగా మూడు సమావేశాలకు రాలేదు. కిస్తీలేవీ బాకీ లేవు. ఇంటికి వెళ్లి అడిగితే అప్పుడు చెప్పింది, రొమ్ములో గడ్డ ఉందని. ఆరు నెలలుగా ఆమెకు తెలుసు. "మా అమ్మ దీంతోనే పోయింది, నాకూ రాసిపెట్టి ఉంది. ఆస్పత్రికి పోతే పిల్ల పెళ్లి కూడా ఆగిపోద్ది" అంది. గడ్డ కంటే ఆ మాటకే మేం ఎక్కువ భయపడ్డాం.

జబ్బు వచ్చే అవకాశం వేరు, వచ్చాక బతికే అవకాశం వేరు. అమ్మకో తోడబుట్టినదానికో రొమ్ము క్యాన్సర్ ఉంటే మనకు వచ్చే అవకాశం ఇంచుమించు రెట్టింపు. అది నిజమే, దాచం. అయినా రొమ్ము క్యాన్సర్ వచ్చిన 100 మందిలో వంశపారంపర్యంగా వచ్చిన జన్యులోపం వల్ల వచ్చేది 5 నుంచి 10 మందికే. ఆ లోపం నాన్న వైపు నుంచి కూడా రావచ్చు. మేనత్తల సంగతి మనం ఎప్పుడైనా అడిగామా?

ఇక బతకడం. బ్రిటన్‌లో 40 ఏళ్లలోపే ఈ జబ్బు వచ్చిన 2,733 మందిని ఏళ్ల తరబడి గమనించి, 2018లో ఫలితం ప్రకటించారు. బీఆర్‌సీఏ జన్యువుల్లో లోపం ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ బతకడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంతకుముందు ఇంట్లో ఎవరికైనా ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ విడదీసి చూసినా, జబ్బు వేరే అవయవాలకు పాకడంలో తేడా కనబడలేదు. అయితే వాళ్లందరికీ వైద్యం అందింది, అది మర్చిపోకూడదు. మన దగ్గర గడ్డ పుండయ్యే దాకా దాస్తారు. అమ్మమ్మల కాలంలో అందరూ పోయింది వంశం వల్లనా, ఆలస్యం వల్లనా అని ఎవరూ అడగలేదు.

మేం కూడా మూడు నెలలు ఆలస్యంగానే వెళ్లాం, ఆ తప్పు మాదే. రానుపోను ఖర్చులకు గ్రామైక్య సంఘం నుంచి అప్పిచ్చాం. ఆపరేషన్, కీమో ఆరోగ్యశ్రీలో జరిగాయి. డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్నల్లో ఒకటి, "ఇంట్లో ఎవరికైనా ఉందా?" అని. దాన్ని బట్టే ఆమె చెల్లెలికీ పరీక్షలు చేయించారు. అక్క ఈ సభలోనే ఉంది, పేరు చెప్పొద్దంది.

వచ్చే నెల సమావేశానికి ప్రతి సభ్యురాలూ అమ్మ వైపు, నాన్న వైపు ఎవరికి ఏ క్యాన్సర్ వచ్చిందో, ఎన్నో ఏట వచ్చిందో కనుక్కుని రండి. ఎప్పటి నుంచి పరీక్షలు మొదలుపెట్టాలో డాక్టర్లు ఆ వయసును బట్టి చెబుతారు. ఇంట్లో ఎవరికీ లేకపోయినా 30 దాటినవాళ్లంతా ఉపకేంద్రంలో పరీక్ష చేయించుకోవాలి. ఒంటరిగా వెళ్లడానికి మొహమాటపడేవాళ్లు మాకు చెప్పండి, ఆటో మాట్లాడుకుని కలిసే వెళ్దాం.